చీకట్లో పెట్టిన కాగితం

నా ముందు బల్ల మీద రెండు కాగితం ముక్కలున్నాయి. ఒక్కొక్కటి అయిదు సెంటీమీటర్ల చదరం. రెండూ తెల్లగానే ఉన్నాయి. వేలితో తడిమినా తేడా తెలియడం లేదు. ఒకదాని మీద పలచని పూత ఉంది, రెండోదాని మీద లేదు. మీకు ఇవి ఎలాగూ కనిపించవు. కానీ మీరు నా పక్కనే కూర్చుని ఉన్నా ఏది ఏదో చెప్పలేరు. వెనకవైపు పెన్సిలుతో గుర్తు పెట్టుకోకపోతే నేనూ చెప్పలేను. పూత ఉన్న కాగితం మీద వెలుతురు పడితే చాలు, దాని మీదికి చేరిన బ్యాక్టీరియా చచ్చిపోతుందని చెబుతారు. ఆ మాటను ఎలా పరీక్షించాలి? ఏ పరీక్షను నమ్మాలి, దేన్ని నమ్మకూడదు? ఈ పూట మీతో ముచ్చటించాలనుకున్నది దాని గురించే.

కరోనా రోజుల 2020 వేసవి మీకు గుర్తుండే ఉంటుంది. పొద్దున్నే వచ్చిన దినపత్రికను డాబా మీద ఎండలో పడేసి, గంట తర్వాత తెచ్చుకుని చదివినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. కరెన్సీ నోట్లకు ఇస్త్రీ చేసినవాళ్లు కూడా ఉన్నారు. కాగితం అంటే ఎన్ని చేతులు మారే వస్తువో మనకు అప్పుడు బాగా తెలిసొచ్చింది. ఆసుపత్రి వార్డులో మంచానికి వేలాడే కేస్ షీటును తీసుకోండి. రోజుకు ఎంతమంది నర్సులు, ఎంతమంది డాక్టర్లు దాన్ని పట్టుకుంటారు? కాగితాన్ని సబ్బుతో కడగలేం, స్పిరిట్‌తో తుడిస్తే సిరా కరుగుతుంది. అందుకే తనను తానే శుభ్రం చేసుకునే కాగితం అనే ఆలోచన నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. అంత విలువైన ఆలోచనను ఆషామాషీగా పరీక్షించకూడదు.

ఆ పూతలో ముఖ్యంగా ఉండేది టైటానియం డయాక్సైడ్. పేరు కొత్తగా వినిపించినా వస్తువు మనకు పాతదే. గోడలకు వేసే తెల్ల రంగులో, టూత్‌పేస్టులో, కొన్ని మాత్రల మీది తెల్లని పొరలో ఉండేది అదే. మన భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాల్లో ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తాయి. ఆ నల్ల ఇసుకలో ఇల్మనైట్ అనే ఖనిజం ఉంటుంది. ఈ తెల్లని పొడి అలాంటి నల్ల ఇసుకలోంచి వస్తుంది.

ఈ పదార్థం వెలుగుతో నీటిని విడగొట్టగలదని 1967లో బయటపడింది. టోక్యో విశ్వవిద్యాలయంలో అకీరా ఫుజిషిమా అనే పరిశోధక విద్యార్థి, తన గురువు కెనిచి హోండా దగ్గర పనిచేస్తూ, నీళ్లలో ముంచిన టైటానియం డయాక్సైడ్ స్ఫటికం మీద వెలుగు పడనిచ్చాడు. దాని మీద బుడగలు లేచాయి. అవి నీటినుంచి విడివడిన ఆక్సిజన్ బుడగలు. 1972లో నేచర్ పత్రికలో ఈ సంగతి అచ్చయింది. 1985లో జపాన్‌లోనే తదాషి మత్సునాగా బృందం ఈ పొడికి కొంచెం ప్లాటినం చేర్చి, సూక్ష్మజీవులున్న నీళ్లలో కలిపి వెలుగు పెట్టింది. అవి చచ్చిపోయాయి.

లోపల జరిగేది ఇది. సుమారు 388 నానోమీటర్ల కంటే పొట్టి తరంగం ఉన్న అతినీలలోహిత కిరణం ఆ పొడి రేణువుకు తగలగానే, అందులో ఒక ఎలక్ట్రాన్ తన చోటు వదిలి లేస్తుంది. వెనక ఒక ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ పక్కనున్న నీటి నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కుంటుంది. లేచిన ఎలక్ట్రాన్ గాలిలోని ఆక్సిజన్‌కు అంటుకుంటుంది. దీంతో హైడ్రాక్సిల్, సూపరాక్సైడ్ అనే చురుకైన కణాలు పుడతాయి. ఇవి ఎక్కువ సేపు నిలవవు, ఎక్కువ దూరం పోవు. కానీ తగిలినదాన్ని వదలవు. బ్యాక్టీరియా పైపొరకు తూట్లు పడి, లోపలిది బయటికి కారిపోతుంది. పొడి మాత్రం ఖర్చు కాకుండా మళ్లీ అదే పనికి సిద్ధంగా ఉంటుంది.

సిద్ధాంతం ఇంత చక్కగా ఉంది కదా, ఇక పరీక్ష దేనికి అనిపించవచ్చు. కొన్నేళ్ల కిందట నేను పాఠం చెప్పే కాలేజీలో జరిగింది చెబుతాను. ముగ్గురు విద్యార్థినులు ఇలాంటి పూత కాగితాన్ని సొంతంగా తయారుచేశారు. దాని మీద బ్యాక్టీరియా కలిపిన నీటి చుక్కలు వేసి, నాలుగు గంటలు దీపం కింద ఉంచి, తర్వాత కడిగి, ఆ నీటిని బ్యాక్టీరియాను పెంచే అగర్ జెల్లీ పోసిన పళ్లాల మీద పరిచారు. మర్నాడు చూస్తే పళ్లాల మీద దాదాపు ఏమీ మొలవలేదు. పిల్లల సంతోషం ఇంతా అంతా కాదు. పరుగెత్తుకొచ్చి నాకు చూపించారు.

"మామూలు కాగితం ఏదమ్మా?" అన్నాను.

"అది పెట్టలేదు మేడమ్. దానికి పూత లేదు కదా" అన్నారు.

ఈసారి మామూలు కాగితం కూడా పక్కన పెట్టి మళ్లీ చేయమన్నాను. చేశారు. మామూలు కాగితం నుంచి కడిగిన పళ్లెం మీద కూడా ఏమీ మొలవలేదు. దీపం వేడికి చుక్కలు ఆరిపోయాయి, ఎండిపోయిన బ్యాక్టీరియా చచ్చిపోయింది. పూత ఏం చేసిందో, అసలు ఏమైనా చేసిందో లేదో ఆ ప్రయోగం చెప్పలేదు. పిల్లలు చిన్నబుచ్చుకున్నారు. ఆ రోజు వాళ్లు నేర్చుకున్నది మాత్రం చాలా పెద్ద విషయమని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఈ విషయంలో మన పెద్దలు ఎంత జాగ్రత్తగా ఉండేవారో చూడండి. 1877లో ఇంగ్లండులో ఆర్థర్ డౌన్స్, థామస్ బ్లంట్ అనే ఇద్దరు, సూక్ష్మజీవులు పెరిగే ద్రవాన్ని గాజు గొట్టాల్లో పోసి ఎండలో పెట్టారు. ఎండ తగిలిన గొట్టాల్లో ద్రవం తేటగా ఉండిపోయింది. ఎండకు సూక్ష్మజీవులను చంపే శక్తి ఉందని ప్రయోగంతో మొదట చూపినవాళ్లలో వాళ్లే ముఖ్యులు. వాళ్లు చేసిన గొప్ప పని అక్కడితో ఆగలేదు. అదే ద్రవం పోసిన మరికొన్ని గొట్టాలకు సీసపు రేకు చుట్టి, వాటిని కూడా అదే ఎండలో, అదే చోట పెట్టారు. వేడి రెండింటికీ ఒకటే, వెలుతురు మాత్రం ఒకదానికే. రేకు చుట్టిన గొట్టాల్లో ద్రవం మురికిగా మారింది, అంటే సూక్ష్మజీవులు పెరిగాయి. చంపింది వేడి కాదు, వెలుగే అని అప్పుడు తేలింది. ఆ రేకు చుట్టిన గొట్టం లేకపోతే వాళ్ల మాటకు సాక్ష్యం లేదు. నూట నలభై ఏళ్లు దాటినా ఇవాళ్టి ప్రయోగశాలలో నేను వెతికేది ఆ గొట్టాన్నే.

అందుకే సరైన పరీక్షకు రెండు కాగితాలు చాలవు, నాలుగు కావాలి. పూత ఉన్నది వెలుగులో ఒకటి, చీకట్లో ఒకటి. పూత లేనిది వెలుగులో ఒకటి, చీకట్లో ఒకటి. కాంతితో పనిచేసే పూతల పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఐఎస్ఓ 27447 అంటారు. 2009లో వచ్చింది, 2019లో సవరించారు. నా ముందున్న ఈ అయిదు సెంటీమీటర్ల చదరం కొలత దానిలోదే. బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని ముక్క మీద వేసి, అది ఆరిపోకుండా, అంతటా సమంగా పరుచుకునేలా నాలుగు సెంటీమీటర్ల చదరంగా కోసిన పలచని ప్లాస్టిక్ పొర కప్పుతారు. దాన్ని తేమ ఉన్న పళ్లెంలో పెట్టి, పైన గాజు మూత వేస్తారు. మా పిల్లలు చేసిన పొరపాటు జరగకుండా ఈ పొర, ఈ తేమ కాపాడతాయి. పైనుంచి అతినీలలోహిత దీపం వెలుగు. అది చదరపు సెంటీమీటరుకు పావు మిల్లీవాట్ మించకూడదు. మధ్యాహ్నపు ఎండలో ఉండే అతినీలలోహిత శక్తి దీనికి పది రెట్లకు పైనే. దీపాన్ని కావాలని ఇంత బలహీనంగా ఉంచుతారు. బలమైన దీపం పెడితే కిరణాలే బ్యాక్టీరియాను చంపేస్తాయి, ఆ పేరు పూతకు పోతుంది.

పరీక్షకు వాడేది రెండు రకాల బ్యాక్టీరియా. ఒకటి మన పేగుల్లో ఉండే ఈ. కోలై. రెండోది చర్మం మీద, ముక్కులో ఉంటూ పుండ్లలో చీము పట్టించే స్టాఫిలోకాకస్. ఈ రెండింటి పైపొరలు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి ఒకదాని మీద వచ్చిన ఫలితం రెండోదానికి అన్వయించదు. ఇవి ఇంట్లో ఆడుకునే వస్తువులు కావు. విద్యార్థులు వింటుంటే చెబుతున్నాను, ప్రయోగశాలలో టీచరు దగ్గరుండగానే చేయాలి. పని అయ్యాక పళ్లాలన్నిటినీ ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో పదిహేను నిమిషాలు ఉంచకుండా పారేయకూడదు.

వెలుగు చూపడం అయ్యాక లెక్క మొదలవుతుంది. కాగితాన్ని ద్రవంలో బాగా కడిగి, ఆ ద్రవాన్ని పది రెట్లు, వంద రెట్లు, వెయ్యి రెట్లు పలచన చేస్తూ పోయి అగర్ మీద పరుస్తారు. ప్రాణమున్న ఒక్కో బ్యాక్టీరియా మర్నాటికి ఒక్కో చుక్కగా, కంటికి కనిపించే కాలనీగా పెరుగుతుంది. ఆ చుక్కల్ని ఒక్కొక్కటిగా లెక్కబెట్టాలి. ఈ అగర్‌ను ప్రయోగశాలకు తెచ్చిన ఆలోచన ఒక ఇల్లాలిది. 1881లో జర్మనీలో సూక్ష్మజీవ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ దగ్గర పనిచేసే వాల్టర్ హెస్సే భార్య ఫానీ హెస్సే, తన వంటింట్లో జెల్లీ గట్టిపడడానికి వాడే అగర్‌ను సూచించింది. అంతవరకు వాడుతున్న జెలటిన్ వేసవి వేడికి కరిగిపోయేది. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ బ్యాక్టీరియా కాలనీలను లెక్కబెట్టినా ఆమె ఆలోచన మీదే లెక్కబెడుతున్నారు. ఆమె పేరు పాఠ్యపుస్తకాల్లో ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండాలి.

కడిగే ద్రవం దగ్గర మరో చిక్కుంది. పూతలో వెండి, రాగి వంటివి కలిసి ఉంటే అవి కడిగిన నీళ్లలోకి కూడా దిగి అక్కడా చంపుతూ పోతాయి. అంటే కాగితం మీద చనిపోయినవి కొన్ని, సీసాలో చనిపోయినవి కొన్ని. అందుకని ఆ విషాల పనిని అక్కడితో ఆపే పదార్థాలను కడిగే ద్రవంలో కలుపుతారు.

ఇప్పుడు కాగితానికే ప్రత్యేకమైన కష్టం. ఇందాక చెప్పిన ప్రమాణం పలకల వంటి నున్నని వస్తువులకు, బట్టలకు సరిపోయేలా రాశారు. పొడుల్ని, లోపల రంధ్రాలున్న పదార్థాల్ని అది తన పరిధిలోకి తీసుకోలేదు. కాగితం చూడ్డానికి పలకలా ఉంటుంది, సూక్ష్మదర్శిని కింద పెడితే గడ్డివాములా ఉంటుంది. పీచు మీద పీచు, మధ్యలో సందులు. చుక్క వేయగానే పీల్చేసుకుంటుంది. బ్యాక్టీరియా లోపలి సందుల్లోకి జారిపోతుంది. వెలుగు అక్కడికి చేరదు, పూత కూడా పైపైనే ఉంటుంది. కాబట్టి లోపల దాక్కున్నవి బతికిపోవచ్చు. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పొరపాటు కూడా జరగవచ్చు. లోపల ఇరుక్కున్నవి కడిగినప్పుడు బయటికి రావు. రానివాటిని మనం చచ్చినవాటి కింద రాసుకుంటాం. దాక్కున్న దొంగను చనిపోయాడని రాసినట్టు.

కరోనా రోజుల్లో హాంకాంగ్ శాస్త్రవేత్తలు లాన్సెట్ మైక్రోబ్ పత్రికలో ఒక సంగతి ప్రకటించారు. మామూలు అచ్చు కాగితం మీద వేసిన కరోనా వైరస్‌లో, మూడు గంటలయ్యాక సోకగల స్థితిలో ఉన్నది వాళ్లకు దొరకలేదు. ఏ పూతా లేని మామూలు కాగితం! అదే వైరస్ కరెన్సీ నోటు మీద మాత్రం రోజుల తరబడి దొరికింది, నాలుగో రోజుకు గానీ పోలేదు. పూత కాగితాన్ని ఆ పరీక్షలో పెట్టి, మూడు గంటల తర్వాత ఏమీ మిగల్లేదని ఎవరైనా చాటితే, చాటింపు నిజమే అవుతుంది, పూత గొప్పతనం మాత్రం నిజం కాదు. అందుకే కాగితాన్ని పరీక్షించేవాళ్లు చుక్క వేసిన నిమిషంలోనే ఒక ముక్కను కడిగి, వేసినవాటిలో ఎన్ని తిరిగి వస్తున్నాయో ముందుగా చూసుకోవాలి. సున్నా గంట లెక్క అంటాం మేము. ఆ లెక్క లేని నివేదికను నేను చదవడం అక్కడితో ఆపేస్తాను.

నాలుగు కాగితాల లెక్కా వచ్చిందనుకోండి. ఉదాహరణకి ఊహించుకుందాం. పూత లేని కాగితం మీద వెలుగులోనైనా, చీకట్లోనైనా లక్ష చొప్పున మిగిలాయి. పూత ఉన్నదాని మీద వెలుగులో వందే మిగిలాయి. అంటే 99.9 శాతం చచ్చాయి. ప్యాకెట్ మీద వేసుకోవడానికి బ్రహ్మాండమైన అంకె. కానీ పూత ఉన్నదాన్ని చీకట్లో పెడితే ఎన్ని మిగిలాయి? వెయ్యి అనుకుందాం. వెలుగు లేకుండానే 99 శాతం పోయాయన్నమాట. లక్షను వెయ్యికి దించినది పూతలోని మరో మందు. వెలుగు చేసింది ఆ వెయ్యిని వందకు దించడమే. కాగితం మంచిదే కావచ్చు. అయితే దాన్ని వెలుగుతో పనిచేసేదిగా అమ్మకూడదు. వెండి వంటిది కొంతకాలానికి కడుక్కుపోతుంది, అరిగిపోతుంది. వెలుగుతో పనిచేసే పొడి అయితే ఖర్చు కాదు. కొనేవాడు డబ్బు పెడుతున్నది ఆ ఖర్చుకాని గుణానికే కదా.

శాతాల గురించి ఒక్క మాట. 99 శాతం అంటే మనకు దాదాపు అంతా పోయినట్టు వినిపిస్తుంది. పది లక్షల్లో 99 శాతం పోతే పది వేలు మిగులుతాయి. తిండి, తేమ, వెచ్చదనం సరిగ్గా ఉంటే ఈ. కోలై ఇరవై నిమిషాలకు రెట్టింపవుతుంది. ఏడు సార్లు రెట్టింపయితే, అంటే రెండు గంటల ఇరవై నిమిషాల్లో, ఆ పది వేలు మళ్లీ పది లక్షలు దాటతాయి. అందుకే మేము శాతాల్లో కాకుండా, ఎన్నిసార్లు పదో వంతుకు తగ్గింది అని లెక్కపెడతాం. రెండుసార్లు తగ్గితే 99, మూడుసార్లు తగ్గితే 99.9. రెండుసార్ల కంటే తక్కువ తగ్గితే ఆ పూతకు పనితనం ఉందని సాధారణంగా ఒప్పుకోరు.

ఇక వెలుగు సంగతి. పరీక్షలో అతినీలలోహిత దీపం ఉంది. మన ఇళ్లలో, వార్డుల్లో ఏముంది? ఎండలోనే ఆ కిరణాల పాలు నూటికి సుమారు అయిదే. కిటికీ అద్దం అందులోనూ కొంత ఆపేస్తుంది. పాత ట్యూబులైట్లలో ఆ కిరణాలు కాస్తో కూస్తో ఉండేవి. ఇప్పుడు అందరం పెట్టుకున్న తెల్లని ఎల్‌ఈడీ బల్బుల్లో అవి లేనట్టే. కాబట్టి అతినీలలోహిత దీపం కింద గెలిచిన కాగితం, ఎల్‌ఈడీ వెలిగే వార్డులో మామూలు కాగితమే. కంటికి కనిపించే వెలుగుతో పనిచేయించడానికి పొడిలో నైట్రోజన్ చేర్చడం, రాగి అంటించడం వంటి మార్గాలు కనిపెట్టారు. వాటి పరీక్షకు ఐఎస్ఓ 17094 అనే ప్రమాణం వేరే ఉంది. అందులో ఫిల్టరు పెట్టి అతినీలలోహిత కిరణాలను ఆపి, గదిలో వెలుగు వంటిదే వాడతారు. ఆసుపత్రికి కాగితం కొనేవాళ్లు అడగాల్సింది ఈ రెండో పరీక్ష ఫలితాన్ని.

కనిపించే వెలుగుతో పనిచేసే రంగులు కూడా ఉన్నాయి. మన పసుపులోని కర్క్యుమిన్ నీలి వెలుగు తగిలితే బ్యాక్టీరియాను చంపగలదు. కానీ తెల్లచీర మీద పసుపు మరక ఎండలో ఆరేస్తే పోతుందని మన ఆడవాళ్లందరికీ తెలుసు. వెలుగు ఆ రంగును కూడా తినేస్తుంది. రంగు పోయాక పనీ పోతుంది.

కాగితం తెల్లదనం కూడా అడ్డం వస్తుంది. రాజమహేంద్రవరంలోనో, కాగజ్‌నగర్‌లోనో కాగితం మిల్లులో పనిచేసినవారికి తెలుసు, కాగితం ధగధగలాడడానికి మెరుపు రసాయనం కలుపుతారు. అది అతినీలలోహిత కిరణాలను మింగి నీలి మెరుపుగా వదులుతుంది. బ్యాంకులో క్యాషియరు అనుమానం వచ్చిన నోటును ఊదా దీపం కింద పెట్టేది ఇందుకే. అసలు నోటు కాగితంలో ఈ రసాయనం ఉండదు, దొంగనోటు కాగితం మెరుస్తుంది. పూత పొడికి చేరాల్సిన కిరణాలను ఈ రసాయనం పంచుకుంటుంది. కనుక పోలికకు పెట్టే మామూలు కాగితం కూడా అదే మిల్లుది, అదే రకానిది అయి ఉండాలి. ఏదో ఒక తెల్లకాగితం చాలదు.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసేది మరొకటి. ఆ చురుకైన కణాలకు బ్యాక్టీరియా ఏదో, కాగితం ఏదో తెలియదు. కాగితం కూడా సేంద్రియ పదార్థమే, సెల్యులోజ్. పొడిని కాగితానికి పట్టి ఉంచే గంజి కూడా అంతే. వెలుగులో ఉన్నకొద్దీ పూత తన కింది కాగితాన్నే కొద్దికొద్దిగా కొరుక్కుతింటుంది. కాగితం పసుపెక్కి పెళుసవుతుంది, పొడి రాలుతుంది. దీనికి విరుగుడుగా రేణువు చుట్టూ సిలికా తొడుగో, మన ఎముకల్లో ఉండే అపటైట్ తొడుగో వేస్తున్నారు. రేణువుకు కాగితం నేరుగా తగలకుండా ఆ తొడుగు అడ్డుంటుంది. మంచి ఉపాయమే. అయితే మొదటి రోజు చేసిన పరీక్షతో దాని గుణం తెలియదు. కొన్ని వారాలు వెలుగులో ఉంచాక, వేళ్ల జిడ్డు, దుమ్ము పట్టాక మళ్లీ అదే నాలుగు కాగితాల పరీక్ష చేయాలి. జిడ్డు ఉంటే ఆ కణాలు ముందు జిడ్డుతోనే తలపడతాయి, బ్యాక్టీరియా దాకా రావు. ప్రయోగశాలలో వేసే చుక్క శుభ్రమైనది. వార్డులో చెయ్యి అలా ఉండదు.

ఇంత విన్నాక ఈ కాగితం పనికిరాదని నేను అంటున్నానని అనుకోకండి. వెలుగు బాగా పడే గోడ కాగితంగా, కిటికీ తెరగా, ఎక్కువ సేపు ఒకేచోట ఉండే వస్తువుగా ఇది ఉపయోగపడగలదని నా అభిప్రాయం. చేతులు మారే కేస్ షీటుకు ఇది ఇప్పటికి సరిపోదు. ఒక చేతి నుంచి మరో చేతికి కాగితం నిమిషంలో మారుతుంది, పరీక్షలో పూతకు ఇచ్చే సమయం ఎనిమిది గంటలు. ఆ నిమిషంలో మనల్ని కాపాడేది సబ్బు, నీళ్లే.

ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటుంది. మీ పిల్లలు సైన్స్ ప్రదర్శనకు ఏ ప్రయోగం తయారుచేసినా, పూత లేనిదాన్ని, వెలుగు లేనిదాన్ని పక్కన పెట్టించండి. ఫలితం వాళ్లు ఆశించినట్టు రాకపోయినా మార్కులు తగ్గించకండి.

అలాగే శ్రోతలు, ముఖ్యంగా ఆసుపత్రులకు, బడులకు సామాను కొనే బాధ్యత ఉన్నవారు, వెలుగుతో క్రిములను చంపుతుందని రాసిన వస్తువు ముందుకొచ్చినప్పుడు, 99.9 అనే అంకె పక్కన ఏ దీపం, ఎన్ని గంటలు, ఏ బ్యాక్టీరియా అన్నవి రాసి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే అమ్మేవారిని అడగండి. చీకట్లో పెట్టిన కాగితం మీద ఎన్ని మిగిలాయో చెప్పమనండి.